అద్భుతకథ - పాఠకాభినివేశము : ఒక పరిశీలన

ఉపక్రమము

కావ్యపరిశోధనమున కవికాలము, కృతిభర్త, పాఠభేదములు, మూలానుసరణము, అలంకారములు మొదలగు విషయములు విరివిగా చర్చింపబడినవి. ఆ కావ్యమును చదివినవాడు దానిని ఎట్లు ప్రేమించెను, ఎన్నిమారులు చదివెను, ఎవరికి చదివి వినిపించెను అను విషయము మాత్రము అంతగా చర్చకు రాలేదు. మన ఆలంకారికులు రసాస్వాదమునకు సహృదయుని ఆశ్రయముగా నిలిపిరి. అట్టి సహృదయుని ఇష్టమును విచారింపకుండుట శాస్త్రదృష్టితో చూచినను లోపమే యగును.

అద్భుతకథల విషయమున ఈ లోపము మరింత స్పష్టముగా కన్పట్టును. మాంత్రికులు, యక్షులు, రూపపరివర్తనములు, మాట్లాడు చిలుకలు, జన్మాంతరస్మృతులు గల కథలను మనవారు ఎంతో ఇష్టముతో చదివిరి. పండితగోష్ఠులలో ఆ కథలకు దక్కిన గౌరవము మాత్రము స్వల్పము. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ వ్యాసకర్త తరగతిలో ఒక విద్యార్థి వ్యాకరణగ్రంథము నడుమ ఒక ఆంగ్ల అద్భుతనవల నుంచుకొని చదువుచు పట్టుబడెను. మందలించుటకు ముందు కథ యేమని అడుగగా, ఆ విద్యార్థి అందలి రాజ్యముల పేర్లు, రాజవంశముల క్రమము, ఏ మంత్రము ఎక్కడ పనిచేయును, ఎక్కడ పనిచేయదు అను నియమములు తడబడక చెప్పెను. ఆ నవలను అప్పటికి నాలుగుమారులు చదివితినని కూడ చెప్పెను. సంధిసూత్రములను రెండుమారులు చదువుటకే విసుగుకొను విద్యార్థికి ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నయే ప్రస్తుత వ్యాసమునకు బీజము.

ఇచ్చట మూడు అంశములు విచారింపబడుచున్నవి. అద్భుతకథయందు పాఠకునకు కలుగు అభినివేశమునకు హేతువేమి? ఆ అభినివేశము కావ్యగుణనిర్ణయమునకు ప్రమాణము కాగలదా? గ్రంథము నిలుచుటకు అది ఎట్లు తోడ్పడును? యోగశాస్త్రమున అభినివేశశబ్దము పంచక్లేశములలో ఒకదానికి పేరు. ఈ వ్యాసమున అది గాఢమైన ఆసక్తి యను లోకప్రసిద్ధార్థముననే ప్రయోగింపబడినది.

బృహత్కథావృత్తాంతము

ఈ విచారమునకు మన వాఙ్మయమున మొదట స్మరింపదగినది గుణాఢ్యుని బృహత్కథ. పైశాచీభాషలోని మూలము నేడు లభించుట లేదు. క్రీస్తుశకము 11వ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రాణి సూర్యమతి వినోదమునకై రచించిన కథాసరిత్సాగరము వలనను, క్షేమేంద్రుని బృహత్కథామంజరి వలనను దాని స్వరూపము మనకు తెలియుచున్నది. కథాసరిత్సాగరము 18 లంబకములు, 124 తరంగములు గల గ్రంథము. దాని మొదటి లంబకమైన కథాపీఠమున బృహత్కథ పుట్టుకను గూర్చిన ఐతిహ్యము కలదు. ఇది చరిత్ర కాదు. అయినను కథను గూర్చియు, శ్రోతను గూర్చియు మన పూర్వులకు గల భావములు ఇందు చక్కగా వ్యక్తమగుచున్నవి.

పార్వతి తాను ఎన్నడును వినని కొత్తకథ చెప్పుమని శివుని అడుగును. శివుడు విద్యాధరుల చరితమును ఎన్నుకొనును. దేవతలు ఎల్లప్పుడు సుఖించువారు, మనుష్యులు ఎల్లప్పుడు దుఃఖించువారు. కావున కేవలదేవతల చరితముగాని, కేవలమనుష్యుల చరితముగాని మనస్సును అంతగా హరింపదు, విద్యాధరుల చరితము అట్లు కాదు అని ఆయన చెప్పిన హేతువు. అద్భుతకథకు ఇంతకంటె సంగ్రహమైన ఉపపత్తి దొరకుట అరుదు. సర్వశక్తిమంతునకు ఆపద లేదు; ఆపద లేనిచోట కథ సాగదు. శక్తి బొత్తిగా లేనివానికి ఆశ్చర్యకార్యము లేదు. శక్తియు, దానికి హద్దును గల మధ్యమప్రాణియే అద్భుతకథకు తగిన నాయకుడు. నేటి అద్భుతనవలలలోని మాంత్రికులును ఈ మధ్యమవర్గమునకు చెందినవారే.

ఈ కథను చాటుగా విన్న పుష్పదంతుడు, అతని పక్షమున మనవిచేసిన మాల్యవంతుడు శాపవశమున మనుష్యులై పుట్టిరి. మాల్యవంతుడే గుణాఢ్యుడు. సాతవాహనరాజునకు సంస్కృతవ్యాకరణము నేర్పు విషయమున శర్వవర్మతో పందెము వేసి ఓడి, గుణాఢ్యుడు సంస్కృత ప్రాకృత దేశభాషలను మూడింటిని విడిచెను. మిగిలిన పైశాచిలో, అడవిలో సిరా లేనందున తన రక్తముతో, ఏడు సంవత్సరములలో ఏడు లక్షల గ్రంథము వ్రాసెను. రాజు దానిని నిరాకరించెను. భాష పైశాచి యనియు, అక్షరములు రక్తలిఖితములనియు ఆతని ఆక్షేపము. కథ యెట్టిదో రాజు విచారింపలేదు.

అంతట గుణాఢ్యుడు కొండపై అగ్నికుండము నేర్పరచి, ఒక్కొక్క పత్రమును చదివి అగ్నిలో వేయసాగెను. అడవిమృగములు చుట్టును చేరి, మేత మాని, కన్నీరు కార్చుచు వినెను. మృగముల మాంసము ఎండిపోగా రాజునకు అనారోగ్యము కలిగెను. కారణము విచారింపగా వేటగాండ్రు ఈ సంగతి తెలిపిరి. రాజు పరుగున వచ్చునప్పటికి ఆరు లక్షలు అగ్నికి ఆహుతియై, నరవాహనదత్తుని చరితమగు ఒక లక్ష మాత్రము మిగిలియుండెను. ఆ లక్ష ఎట్లు మిగిలెను? శిష్యులగు గుణదేవ నందిదేవులకు అది ఇష్టమైన కథ. వారికొరకే గుణాఢ్యుడు దానిని అగ్నిలో వేయక నిలిపెను.

ఈ చివరి అంశమును మన విమర్శకులు తగినంతగా గమనింపలేదని తోచుచున్నది. ఏడు లక్షలలో ఒక లక్ష మిగులుటకు కారణము రాజాదరము కాదు, పండితాంగీకారము కాదు. ఇద్దరు చదువరులకు ఆ భాగముపై గల మక్కువయే కారణము. మృగములు మేత మానుటయు గమనింపదగినదే. కాదంబరీరసము నెరిగినవానికి ఆహారము రుచింపదు అను లోకోక్తి బాణుని గద్యకథను గూర్చి శ్లేషగా వెలసినది. రెండుచోట్లను కథాభినివేశమునకు గుర్తు ఆహారమును మరచుటయే. మరాఠీ, కన్నడ భాషలలో నవలకు కాదంబరి యను పేరే స్థిరపడినది. ఒక కథపై పాఠకులకు గల ప్రీతి ఒక ప్రక్రియకే పేరు పెట్టినదని చెప్పవచ్చును.

విస్మయము, కుతూహలము

భరతుడు నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని చెప్పెను. దివ్యజనదర్శనము, కోరిన కోర్కి సిద్ధించుట, విమానము, మాయ, ఇంద్రజాలము మొదలగునవి విభావములు. కన్నులు విప్పారుట, రెప్పవాల్పమి, రోమాంచము, హర్షము, సాధువాదము మొదలగునవి అనుభావములు. అద్భుతము దివ్యము, ఆనందజము అని రెండు విధములు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున రసమునకు చమత్కారము ప్రాణమనియు, అది చిత్తవిస్తారరూపమైన విస్మయమే యనియు చెప్పుచు, సర్వత్ర అద్భుతమే రసమను తన పూర్వికుడగు నారాయణుని మతమును పేర్కొనెను. కావున శాస్త్రమున అద్భుతమునకు చిన్నస్థానము లేదు. తక్కువచూపు తరువాత వచ్చినది.

ఇచ్చట ఒక సంశయము కలుగును. విస్మయము ఊహింపని విషయము వలన పుట్టును. మొదటిమారు చదివినపుడు కథ తెలియదు గనుక విస్మయము సహజము. ఇష్టపడిన నవలను నాలుగవమారు చదువు పాఠకునకు కథాంతము తెలిసియే యున్నది. వానికి విస్మయమెక్కడిది? విస్మయము లేనిచో మరల చదువుటకు ప్రేరకమేది?

ఈ సంశయమునకు సమాధానముగా కుతూహలమును, విస్మయమును వేరుచేసి చూడవలెను. తరువాత ఏమి జరుగునో యను ఆత్రము కుతూహలము. అది తీరుటతో నశించును. ఇట్టి లోకము ఒకటి ఇంత పొందికగా ఉండుట యెట్లు అను చిత్తవిస్తారము విస్మయము. అది వస్తువు తెలిసినకొలది పెరుగునేగాని తరుగదు. దేవాలయగోపురమును మొదటిమారు చూచినవాడు ఎత్తునకు ఆశ్చర్యపడును; పదిమారులు చూచినవాడు దాని కొలతలకు ఆశ్చర్యపడును. భరతుని రెండు భేదములలో దివ్యము మొదటి పఠనమునకును, ఆనందజము పునఃపఠనమునకును చక్కగా అన్వయించునని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఇది భరతుని తాత్పర్యమని చెప్పుట లేదు. ఆయన విభాగమునకు చేసిన అన్వయము మాత్రమే.

దీనివలన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. అభినివేశమునకు హేతువు అసంభవవిషయము కాదు. అసంభవమునకు కవి విధించిన నియమము. ఏదైనను జరుగగల లోకమున ఏది జరిగినను ఆశ్చర్యము లేదు. పైన చెప్పిన విద్యార్థి మంత్రము పనిచేయని చోట్లను అంత శ్రద్ధగా చెప్పుటకు కారణమిదియే.

కళాపూర్ణోదయము

తెలుగున ఈ సిద్ధాంతమునకు ఉత్తమలక్ష్యము 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయము. ఎనిమిది ఆశ్వాసముల ఈ కావ్యమున రంభానలకూబరుల ఆకాశవిహారము, ఊయలలూగు కలభాషిణి, నారదుని సంగీతాభిమానము, మణికంధరుని తపస్సు మొదలగునవి మొదట విడివిడి వృత్తాంతములుగా కన్పట్టును. కలభాషిణి రంభరూపమును, మణికంధరుడు నలకూబరరూపమును దాల్చుటతో నిజమేది, మాయ యేది అను తగవు ఏర్పడును. పసిబిడ్డయగు మధురలాలస పూర్వజన్మవృత్తాంతమును చెప్పునప్పటికిగాని ముందు జరిగినవాని అర్థము పూర్తిగా తెలియదు. ఇన్నింటికిని మూలమైన కథ బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పినది.

ఈ కావ్యమును ఒక్కమారు చదివినవాడు సగమే చదివినవాడు. మొదటి పఠనమున చిక్కుముడులు కుతూహలమును పెంచును. రెండవ పఠనమున ఆ ముడులను వేసిన చేతి నేర్పు విస్మయమును కలిగించును. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమును ప్రధానముగా చర్చకు తీసికొనిరి. ఆ గ్రంథముపై వాదోపవాదములు ఎన్నియో జరిగినవి. అయినను వర్ణనలకు ప్రాధాన్యమిచ్చు కాలమున కథాసంవిధానము వైపు దృష్టి మరల్చిన ఘనత దానిదే. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ గార్ల ఆంగ్లానువాదము వెలువడిన పిదప తెలుగు తెలియని పాఠకులకును ఈ కావ్యము అందుబాటులోనికి వచ్చినది.

కాశీమజిలీలు, చందమామ ధారావాహికలు

మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథలు పన్నెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు బయలుదేరి, తోడు రాగల గోపబాలుని వెంటబెట్టుకొనును. త్రోవలో తాను చూచిన వింతను గూర్చి అడిగినపుడెల్ల దాని కథ చెప్పవలెనని, చెప్పనిచో వెనుకకు మరలుదునని ఆ బాలుని షరతు. మణిసిద్ధుడు తన మణిప్రభావముచే ఆ వృత్తాంతములను తెలిసికొని మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. యాత్రాఫలము యతిది, నడిపించు శక్తి మాత్రము శ్రోత యొక్క కథాకాంక్ష. అద్భుతకథాపాఠకునకు ఈ గోపునికంటె చక్కని ప్రతిరూపము ఆధునికవాఙ్మయమున కన్పట్టదు.

అయినను పక్షపాతము లేక చెప్పవలసియున్నచో, ఈ కథలలో పెక్కింట కుతూహలమే అధికము. రూపపరివర్తనములు, దైవికముగా జరుగు కలయికలు మరల మరల వచ్చుటచే నియమము సడలును. ఒక కథను మరియొక కథతో మార్చినను యాత్ర సాగిపోవును. ఇష్టమైన గ్రంథములయందును దోషమును చూపుట అభినివేశమునకు విరుద్ధము కాదు. గ్రంథము ఎక్కడ బలహీనమో దానిని ప్రేమించినవానికే ఎక్కువ తెలియును.

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామ మాసపత్రిక ద్వారా అద్భుతకథ మరియొక రూపమును పొందెను. దాసరి సుబ్రహ్మణ్యంగారు (1932-2010) తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం మొదలగు ధారావాహికలను అందు వ్రాసిరి. చిత్రాగారి బొమ్మలు ఆ లోకములకు రూపము కల్పించినవి. వచనము సరళము, వాక్యము చిన్నది. రచయిత పేరు పత్రికలో కన్పట్టెడిది కాదు. పాఠకులకు తెలిసినది కథ పేరు, బొమ్మలు, తరువాయిభాగము వచ్చునెల అను మాట మాత్రమే. నెలకొక భాగము వచ్చుటచే నడుమనున్న దినములలో బాలపాఠకులు పాతసంచికను మరల చదివెడివారు. కథను ఒకరికొకరు చెప్పుకొనెడివారు. ఆ విరామము పునఃపఠనమును అభ్యసింపజేసినది.

తరువాతి కథ మరింత విశేషమైనది. ఈ ధారావాహికలు దీర్ఘకాలము పుస్తకరూపమున సులభముగా లభింపలేదు. బాల్యమున వీనిని చదివినవారు పెద్దవారైన పిదప పాతసంచికలను వెదకి, ధారావాహికల పుటలను విడదీసి బైండు చేయించుకొనిరి. పేరులేని రచయిత ఎవరో విచారించి తెలిసికొనిరి. క్రమముగా కొన్ని పుస్తకములుగా వెలువడినవి. పత్రిక 21వ శతాబ్ది రెండవదశకమున ఆగిపోయినను ఆ కథలు నిలిచినవి. గుణదేవ నందిదేవుల పనిని ఇచ్చట ఊరూరి పాఠకులు చేసిరి.

ఒక పాశ్చాత్యనిదర్శనము

ప్రాచ్యభాషాధ్యాపకులకు సన్నిహితమైన ఒక పాశ్చాత్యనిదర్శనమును తులనాత్మకముగా చూపవచ్చును. జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892-1973) ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషాచార్యుడు. బేవుల్ఫ్ అను ప్రాచీనకావ్యమును గూర్చి 1936లో చేసిన ఉపన్యాసమున, పండితులు ఆ కావ్యమును చరిత్రాంశముల గనిగా త్రవ్వుకొనిరేగాని, కథకు కేంద్రమైన రాక్షసులను చిన్నచూపు చూచిరని ఆయన ఆక్షేపించెను. కృతిభర్తల వంశములను త్రవ్వి మాయారంభను మరచు మన పరిశోధనమునకును ఈ మాట వర్తించును. 1939లో అద్భుతకథలను గూర్చి చేసిన ఉపన్యాసమున, కల్పితలోకమునకు లోపలి పొందిక యున్నపుడే పాఠకుడు దానిని నమ్మునని ప్రతిపాదించెను. 1954-55 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ నవలకు మూలము తాను నిర్మించిన భాషలే యని ఆయన చెప్పెను. ధ్వనిపరిణామసూత్రములను బోధించు ఆచార్యుడు ఆ సూత్రములనే లోకనిర్మాణమునకు వినియోగించెను. 1965లో అమెరికాలో చౌకప్రతులు వెలువడిన పిదప విద్యార్థులు ఆ నవలను విశేషముగా ఆదరించిరి. వ్యాకరణమును అద్భుతమును పరస్పరవిరోధులు కావని దీనివలన తెలియుచున్నది.

ఆక్షేపసమాధానములు

అద్భుతకథ బాలురకు మాత్రమే తగినదని ఒక ఆక్షేపము. సోమదేవుడు వ్రాసినది మహారాణికి. సూరన కృతినిచ్చినది నంద్యాల ప్రభువునకు. వారు బాలురు కారు. లోకవ్యవహారము నుండి పారిపోవుటకే ఇట్టి చదువు తోడ్పడునని మరియొక ఆక్షేపము. నరవాహనదత్తుని కథయందును, కళాపూర్ణుని కథయందును లోభము, అసూయ, వియోగము, మాట తప్పుట మున్నగునవి అన్నియు కలవు. మాయారూపమును ధరించినను మణికంధరుని మోహము మాయ కాదు. మానవప్రవృత్తి దూరము నుండి చూపబడుటచే మరింత స్పష్టముగా కన్పట్టును.

పాఠకాభినివేశము ప్రమాణమైనచో ఎక్కువమంది చదివినదే ఉత్తమకావ్యమగునా యని మూడవ ఆక్షేపము. ఇది బలమైనది. ఎందరు చదివిరి అనునది కుతూహలమునకు కొలత. ఎన్నిమారులు చదివిరి, ఏండ్లు గడచిన పిదపను ఎందులకు మరల వెదకుకొనిరి అనునది విస్మయమునకు కొలత. రెండవదియే ప్రమాణముగా గ్రహింపదగినది. రెండవ ప్రశ్నకు ఇది సమాధానము.

ఉపసంహారము

ఈ విచారమున తేలిన అంశములు ఇవి. అద్భుతకథాభినివేశమునకు హేతువు కల్పితలోకమునందలి నియమము. పునఃపఠనము ఆ నియమమును పరీక్షించు మార్గము. అభినివేశము గల పాఠకుడు గ్రంథమును ఆస్వాదించుటయే కాక నిలుపును కూడ. అది మూడవ ప్రశ్నకు సమాధానము.

ఇందు అధ్యాపకుల కర్తవ్యము కొంత కలదు. మన గ్రంథాలయముల బీరువాలలో కథాసరిత్సాగరము, కళాపూర్ణోదయము కలవు. వాని తాళములు తీయు సందర్భములు తగ్గుచున్నవి. నేటి విద్యార్థి పరభాషానవలలనో, చలనచిత్రములనో ఆధారము చేసికొని అద్భుతలోకమున ప్రవేశించుచున్నాడు. వాని రుచి చెడినదని తలచుటకంటె, వాడు దేనిని రెండవమారు చదివెనో అడిగి తెలిసికొనుట మేలు. పైన చెప్పిన విద్యార్థికి ఆ సాయంకాలము కళాపూర్ణోదయము ఇయ్యబడినది. పద్యములు కష్టముగా నున్నవని వారము దినములలో తిరిగి తెచ్చెను. కూర్చుండబెట్టి రంభలిద్దరి తగవు వరకు చదివి చెప్పగా, తక్కినది తానే చదువుకొందునని పుస్తకమును మరల తీసికొనిపోయెను. నలకూబరునివలె కనబడిన మణికంధరుడు మాటలలో ఎక్కడ పొరబడెను అను ప్రశ్నతో పదునైదు దినములకు తిరిగి వచ్చెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు అధ్యాపకుడే ఆ ఆశ్వాసమును మరల చదువవలసివచ్చెను.

సాతవాహనుడు కొండయొద్దకు వచ్చునప్పటికి ఆరు లక్షలు కాలిపోయినవి. ఆతడు రసికుడు కాకపోలేదు; ఆలస్యముగా వచ్చినాడు. మన చేతులలోనున్న లక్షను చదువు శిష్యులు ఉండగనే వారికి అందించుట యుక్తము.